విప్పే ముందు వినండి: నారింజ రంగు పెడల్ గురించి పాఠకుల ప్రశ్నలు

ఈ శీర్షికకు ఇటీవల నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్ని ఒకే వస్తువు గురించి అడిగాయి. అది బాస్ కంపెనీ వారి డీఎస్-1 అనే డిస్టార్షన్ పెడల్. గిటారుకూ ఆంప్లిఫయరుకూ మధ్య కలిపి కాలితో నొక్కితే తీగ ధ్వనిని చీల్చి, గరుకుగా మార్చి, సాగదీసే నారింజ రంగు లోహపు డబ్బా ఇదే. ప్రశ్నలు ఒకదానితో ఒకటి ముడిపడి ఉన్నందువల్ల ఈసారి వాటన్నిటినీ కలిపి ఇస్తున్నాం.

ప్రశ్న: నేను మిర్యాలగూడలో డిగ్రీ చదువుతున్నాను. మా చర్చి గాయక బృందంలో ఎలక్ట్రిక్ గిటారు వాయిస్తాను. ఈ మధ్యే సెకండ్‌హ్యాండ్‌లో ఒక డీఎస్-1 కొన్నాను. మాకు గిటారు ఆంప్లిఫయరు లేనందున పెడల్ నుంచి వైరును నేరుగా మిక్సర్‌కు (మైకుల, వాద్యాల ధ్వనులను కలిపే పెట్టెకు) కలుపుతున్నాం. రేకుల కప్పు మీద ఇసుక జల్లినట్టు గరగరమంటోందే తప్ప స్వరం నిండుగా రావడం లేదు. కీబోర్డు, డ్రమ్ములు మొదలయ్యాక గిటారు వినిపించడమే లేదు. ఐసీ (లోపలి చిప్) మార్పించమని ఒకరు, డయోడ్లు మార్పించమని మరొకరు చెబుతున్నారు. ఈ పెడల్ చరిత్ర ఏమిటి? ఇందులో ఏది మార్చాలి?

జవాబు: మీరు అడగని సంగతి ముందుగా చెప్పాలి, ఎందుకంటే మీ ఇబ్బందిలో సగానికి పైగా "నేరుగా మిక్సర్‌కు" అన్న మాటలోనే ఉంది. ఎలక్ట్రిక్ గిటారు ఆంప్లిఫయర్లలో ఎక్కువగా వాడే 12 అంగుళాల స్పీకరు సుమారు 5,000 హెర్ట్జ్ (సెకనుకు అన్ని కంపనాలు) దాటిన ధ్వనిని పెద్దగా పలకదు. చర్చిల్లోనూ ఫంక్షన్ హాళ్లలోనూ ఉండే సౌండ్ బాక్సుల్లో మాత్రం మాట స్పష్టంగా వినిపించడం కోసం ప్రత్యేకంగా ట్వీటరు పెడతారు, అది అంతకు రెండు మూడు రెట్ల ఫ్రీక్వెన్సీ దాకా ఏదీ వదలకుండా పలుకుతుంది. డిస్టార్షన్ పెడల్ పుట్టించే పై స్వరాల గుంపులో చెవికి గుచ్చుకునే భాగాన్ని గిటారు స్పీకరు తనంతట తానే వడగట్టి పారేస్తుంది. మీ దగ్గర ఆ వడపోత లేదు. మన పాలమూరు వైపు పన్నెండు మెట్ల కిన్నెరకు సొరకాయ బుర్రలు ఎలాగో ఎలక్ట్రిక్ గిటారుకు స్పీకరు అలాగే. అది ధ్వనిని బయటికి పంపే గొట్టం కాదు, వాద్యంలోనే ఒక భాగం. బుర్రలు తీసేసి తీగలను తప్పుపడితే ఎలా ఉంటుందో, మిక్సర్‌కు నేరుగా కలిపి పెడల్‌ను తప్పుపట్టడమూ అలాగే ఉంటుంది.

అందువల్ల సోల్డరింగ్ ఐరన్ వేడి చేయకముందే కొన్ని పనులు చేయండి. పెడల్ మీది టోన్ నాబ్‌ను గడియారంలో తొమ్మిది గంటల స్థానానికి, డిస్టార్షన్ నాబ్‌ను పది గంటల స్థానానికి తగ్గించి, తగ్గిన శబ్దాన్ని లెవెల్ నాబ్‌తో పూరించండి. మిక్సర్‌లో మీ గిటారు ఛానెల్‌కు ఉన్న ట్రెబుల్‌ను బాగా తగ్గించి, మిడ్‌ను కొద్దిగా పెంచండి. వీలైతే ఎవరి దగ్గరైనా చిన్న గిటారు ఆంప్లిఫయరును ఒక్క ఆదివారానికి తెచ్చుకుని, దాని స్పీకరు ముందు మామూలు పాటల మైకును నిలబెట్టి, ఆ మైకును మిక్సర్‌కు కలిపి వినండి. ఇవన్నీ చేశాక కూడా ధ్వని పలుచగా, నడుమ ఖాళీగా ఉంటే, అప్పుడు అది నిజంగా పెడల్ స్వభావమే. ఆ స్వభావం ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పడానికి కొంచెం వెనక్కి వెళ్లాలి.

డిస్టార్షన్ అనేది మొదట ఒక లోపం. 1961లో అమెరికాలోని నాష్‌విల్ నుంచి వచ్చిన ఒక రికార్డులో గ్రేడీ మార్టిన్ అనే వాద్యకారుడు వాయించిన బేస్ గిటారు, స్టూడియో పరికరంలో ఒక భాగం చెడిపోవడంతో చీరుకుపోయినట్టు వినిపించింది. దాన్ని చెరిపేయకుండా అలాగే ఉంచారు. ఆ రికార్డింగుకు పనిచేసిన ఇంజనీరు గ్లెన్ స్నాడీ తర్వాత అదే ధ్వనిని ట్రాన్సిస్టర్లతో కావాలని పుట్టించే పని చేపట్టాడు. దాని ఫలితంగా 1962లో మాస్ట్రో ఫజ్-టోన్ అనే పెడల్ మార్కెట్లోకి వచ్చింది. మరోవైపు ఇంగ్లండులో కింక్స్ బృందపు డేవ్ డేవీస్ 1964లో తన స్పీకరు కాగితాన్ని బ్లేడుతో కోసి అలాంటి ధ్వనినే సాధించాడు. మనవాళ్లకు ఈ ఆలోచన కొత్తదేమీ కాదని నా నమ్మకం. తంబూరా బ్రిడ్జి మీద తీగ కింద దారం పోగును జరిపి జీవా (తీగ ఝుమ్మనే నాదం) సరిచేసేటప్పుడు కూడా శుద్ధ స్వరానికి పై స్వరాలను చేర్చి నిండుదనం తేవడమే జరుగుతుంది. గిటారు వాళ్లు ఆ పనిని కరెంటుతో, ఇంకా మోటుగా చేశారు.

జపాన్‌లో రోలాండ్ కంపెనీ 1972లో మొదలైంది. బాస్ అనేది దాని కుటుంబంలోని పేరే. అరచేతిలో పట్టే ఒకే కొలత డబ్బాల వరస 1977లో వచ్చింది, ఆ మరుసటి ఏడాది, అంటే 1978లో, డీఎస్-1 వచ్చింది. అప్పటి నుంచి నేటి వరకు దాని తయారీ ఆగలేదు. మొదటి పదేళ్లూ జపాన్‌లో తయారైంది, 1980ల చివర తయారీ తైవాన్‌కు మారింది. జో సాట్రియాని, స్టీవ్ వాయ్ వంటి నిష్ణాతులూ వాడారు, నిర్వాణ బృందపు కర్ట్ కొబైన్ లాంటి వాడూ వాడాడు. ఒకరి వాదనం మరొకరికి ఎక్కడా పోలిక లేదు. ఒకే డబ్బా అంత దూరపు చేతుల్లో పనికొచ్చిందంటే, మీ చేతిలో పలకకపోవడం ఆ డబ్బా తప్పు మాత్రమే అయి ఉండదు.

ఇప్పుడు డబ్బా లోపలికి వెళ్దాం. గిటారు నుంచి వచ్చే బలహీనమైన సంకేతం ముందు ఒక బఫర్ ట్రాన్సిస్టరును (సంకేతం బలహీనపడకుండా ముందుకు పంపేదాన్ని) దాటి, రెండో ట్రాన్సిస్టరు దగ్గర సుమారు 50 రెట్లకు పైగా పెరుగుతుంది. తొమ్మిది వోల్టుల బ్యాటరీ మీద నడిచే ట్రాన్సిస్టరుకు అంత పెంపు ఇముడ్చుకునే చోటు లేదు కాబట్టి గట్టిగా మీటితే అక్కడే ధ్వని కొంత చీలుతుంది. డిస్టార్షన్ నాబ్‌ను పూర్తిగా తగ్గించినా ఈ పెడల్ నున్నగా పలకకపోవడానికి కారణం ఇదే. ఆ తర్వాత ఐసీ వస్తుంది. డిస్టార్షన్ నాబ్ దీని పెంపును మారుస్తుంది, గరిష్ఠంగా అది సుమారు 22 రెట్లు. ఐసీ దాటాక భూమికి (అంటే సర్క్యూట్ మైనస్ వైపుకు) ఎదురెదురుగా కట్టిన రెండు సిలికాన్ డయోడ్లు ఉంటాయి. సంకేతం ఏ వైపున అయినా 0.6, 0.7 వోల్టులు దాటబోతే ఒక డయోడు తెరుచుకుని మిగిలినదాన్ని భూమిలోకి దింపేస్తుంది. కాలువ గట్టు ఎంత ఎత్తు ఉంటే నీరు అంతే నిలిచి, పైది పొర్లిపోయినట్టు, అల శిఖరం తెగి బల్లపరుపు అవుతుంది. మనం వినే గరుకుదనం ఆ తెగిన అంచులదే.

మీ ఫిర్యాదుకు సంబంధించిన అసలు చోటు మాత్రం దీని తర్వాతి టోన్ విభాగం. ఇందులో రెండు దారులున్నాయి. ఒక దారిలో 6.8 కిలో ఓమ్‌ల రెసిస్టరూ 0.1 మైక్రోఫారడ్ కండెన్సరూ కలిసి సుమారు 234 హెర్ట్జ్‌కు పైనున్న ధ్వనిని తగ్గించుకుంటూ పోతాయి. రెండో దారిలో 0.022 మైక్రోఫారడ్ కండెన్సరూ మరో 6.8 కిలో ఓమ్‌ల రెసిస్టరూ సుమారు 1,060 హెర్ట్జ్‌కు కిందనున్న ధ్వనిని తగ్గిస్తాయి. టోన్ నాబ్ ఈ రెండు దారులను కలిపే కుళాయి లాంటిది. 234కూ 1,060కీ మధ్యనున్న భాగాన్ని ఏ దారీ పూర్తిగా మోయదు కాబట్టి 500 హెర్ట్జ్ చుట్టుపక్కల పల్లం ఏర్పడుతుంది. గొంతుకైనా గిటారుకైనా సభలో నలుగురి మధ్య వినిపించే బలాన్నిచ్చేది ఆ నడిమి భాగమే. గదిలో ఒంటరిగా వాయిస్తే ఈ పల్లం చెవికి ఇంపుగానే ఉంటుంది. కీబోర్డు, డ్రమ్ములు చేరగానే గిటారు ఆ పల్లంలో పడి కనిపించకుండా పోతుంది. మీ ఉత్తరంలో మీరు వర్ణించినది అక్షరాలా ఇదే.

కాబట్టి నేను ఐసీనీ డయోడ్లనూ ముట్టుకోకుండా ముందు రెండు కండెన్సర్ల దగ్గర ఆగమంటాను. అది కూడా పాతవాటిని పీకకుండా. ఒక కండెన్సరుకు సమాంతరంగా ఇంకొకటి కలిపితే రెండింటి విలువలూ కూడుతాయన్న చిన్న సూత్రం మన పని తేలిక చేస్తుంది. బోర్డు వెనుక, సోల్డరింగ్ ఉన్న వైపున, 0.022 కండెన్సరు రెండు కాళ్ల మీద మరో 0.022 పాలిస్టర్ కండెన్సరును అంటించండి. దాని మీద 223 అని ముద్ర ఉంటుంది. అప్పుడు మొత్తం 0.044 అవుతుంది, 1,060 హెర్ట్జ్ గీత సుమారు 530కి దిగుతుంది, పల్లం చాలావరకు పూడుతుంది. రెండోది డయోడ్ల పక్కనే ఉన్న 0.01 కండెన్సరు. ఇది 2.2 కిలో ఓమ్‌ల రెసిస్టరుతో కలిసి సుమారు 7,200 హెర్ట్జ్ పైనున్న గరగరను తగ్గిస్తుంది. దాని మీద 103 ముద్ర ఉన్న మరో 0.01 అంటిస్తే ఆ గీత సుమారు 3,600కి వస్తుంది. గిటారు స్పీకరు చేసే వడపోతలో కొంత భాగాన్ని పెడలే చేసిపెడుతుందన్నమాట. మీ మిక్సర్ పద్ధతికి ఈ రెండోదే ఎక్కువ మేలు చేస్తుందని నా అభిప్రాయం. నచ్చకపోతే ఐరన్ మొన ఆనించి తీసేయవచ్చు, పెడల్ కొన్ననాటి స్థితికి వస్తుంది. రెండు కండెన్సర్లకూ కలిపి మిర్యాలగూడలోని ఏ టీవీ మెకానిక్ దుకాణంలోనైనా పది, ఇరవై రూపాయలకు మించి కాకపోవచ్చు.

ఒక్కటి కలిపి, పెడల్ మూసి, కనీసం రెండు పాటలు బృందంతో కలిసి వాయించాకే రెండోది కలపండి. ఇంట్లో మంచం మీద కూర్చుని విన్నది లెక్కలోకి తీసుకోకండి. బోర్డులు కాలక్రమంలో మారాయి కాబట్టి భాగాల పక్కన ముద్రించిన వరస సంఖ్యలను నమ్మకుండా విలువలను చూసి పోల్చుకోండి.

ఐసీ దగ్గర ఉన్న 0.47 కండెన్సరుకు మరో 0.47 కలిపి బేస్ పెంచమని కూడా చాలామంది చెబుతారు. అది 4.7 కిలో ఓమ్‌ల రెసిస్టరుతో కలిసి సుమారు 72 హెర్ట్జ్ దగ్గర గీత గీస్తోంది, గిటారులోని అతి మంద్ర తీగ పలికేది 82 హెర్ట్జ్. గీతను అంతకంటే దించితే బేస్ పెరుగుతుంది, నిజమే. కానీ చీలికకు ముందే చేరిన బేస్ చీలిక తర్వాత బురదలా అవుతుంది, రెండు మూడు తీగలు కలిపి మీటితే స్వరాలు విడివిడిగా తెలియవు. ఒంటి తీగ మీద వాయించేవారికి బాగుంటుంది, మీలా పాటకు తోడు వాయించేవారికి వద్దు.

డయోడ్ల మాటకొస్తే, ఈ పెడల్‌ను మార్చి అమ్మడం ద్వారా పేరు తెచ్చుకున్న అమెరికన్ రాబర్ట్ కీలీ వంటివారు వాటినీ మార్చారు. సిలికాన్ డయోడు స్థానంలో ఎర్ర ఎల్‌ఈడీ పెడితే గట్టు ఎత్తు 0.7 నుంచి సుమారు 1.7 వోల్టులకు పెరుగుతుంది. శబ్దం పెద్దదవుతుంది, అణచివేత తగ్గుతుంది, మీటులోని గట్టి, మెత్త తేడాలు బాగా తెలుస్తాయి. ఒకవైపు మాత్రమే మారిస్తే అల రెండు వైపులా సమానంగా తెగదు కాబట్టి సరి సంఖ్యా పై స్వరాలు (మూల స్వరానికి రెండు, నాలుగు రెట్ల ఫ్రీక్వెన్సీవి) చేరి ధ్వనికి కొంత నిండుదనం వస్తుంది. ఇది మంచి మార్పే. అయితే ఇందుకు పాత డయోడు ఒక కాలైనా పైకి లేపాలి, మొదటిసారి ఐరన్ పట్టేవారు తప్పు చేసేది సరిగ్గా అక్కడే.

నల్లగొండలో నా బల్ల మీదికి ఒకసారి అలా పాడైన డీఎస్-1 వచ్చింది. కింది పలకకున్న నాలుగు స్క్రూలు విప్పి బోర్డును తిప్పగానే కాలిన పేస్టు వాసన ఇంకా పోలేదు. డయోడు కాలి చుట్టూ ఉండవలసిన రాగి గుండ్రం లేచి, దాని వెంట రాగి గీత అర అంగుళం మేర ఉల్లిపొరలా ఊడి గాలిలో వేలాడుతోంది. ఎక్కువసేపు ఐరన్ ఆనించి, లెడ్ (అతుకు లోహం) కరగకముందే కాలిని లాగినప్పుడు ఇలా జరుగుతుంది. కత్తిరించి పారేసిన రెసిస్టరు కాలి ముక్కను ఆ గీత పొడవునా పరిచి రెండు చివరలా అతికాను. పెడల్ పలికింది, కానీ ఆ బోర్డు ఇంకోసారి వేడిని తట్టుకోదు. పెట్టుకున్న డబ్బు పోయిందని కాదు నా బాధ, నలభై ఏళ్లు బతికిన వస్తువు ఒక్క మధ్యాహ్నంలో అలా అయిందని. 25 వాట్ల ఐరన్, సన్నటి మొన, ఒక్కో చోట మూడు సెకన్లకు మించని వేడి, లెడ్ పూర్తిగా కరిగాకే లాగడం: ఈ నాలుగూ పాటిస్తే మీకా పరిస్థితి రాదు.

ప్రశ్న: సూర్యాపేటలో ముప్పై ఏళ్లుగా రేడియో, టీవీ, ఆంప్లిఫయర్ల రిపేరు చేస్తున్నాను. గిటారు వాయించను. ఒక కుర్రవాడు డీఎస్-1 తెచ్చి, లోపలి ఐసీ తీసి 4558 వేయమని అడుగుతున్నాడు. లోపల చూస్తే ఐసీ కాళ్లు ఒకే వరసలో ఉన్నాయి. మామూలు 4558కు రెండు వరసలు కదా! వేయవచ్చునా?

జవాబు: మీ అనుమానం సరైనదే. ఈ పెడల్‌లో మొదటి నుంచీ ఒంటి వరస ఐసీనే వాడారు. 1978 నుంచి 1990ల నడుమ వరకు తోషిబా వారి టీఏ7136 అనే ఐసీ ఉండేది. అది దొరకకుండా పోవడంతో 1994లో రోమ్ వారి బీఏ728ఎన్‌కు మారారు, ఆ తర్వాత ఎం5223 వంటి మరికొన్ని వచ్చాయి. మొదటి మార్పు జరిగినప్పుడు చుట్టుపక్కల రెసిస్టర్ల, కండెన్సర్ల విలువలను కూడా సర్దారు. అందువల్ల పాత పెడల్‌కూ కొత్తదానికీ ధ్వనిలో తేడా ఉన్నమాట వాస్తవమే కానీ, ఆ తేడా అంతా ఐసీదేనని అనుకోవడం సరికాదు.

తోషిబా ఐసీ ఉన్న బోర్డయితే దయచేసి ముట్టుకోకండి. దానిలో ఒకటే ఆంప్లిఫయరు ఉంటుంది, కాళ్ల క్రమం వేరు, 4558 ఆ రంధ్రాల్లో ఏ విధంగానూ కుదరదు. పైగా ఆ ఐసీ ఇప్పుడు తయారీలో లేదు. తర్వాతి బోర్డయితే 4558లో కూడా ఒంటి వరస రకం ఉంది, చివర ఎల్ అక్షరం ఉంటుంది, దాన్ని డేటా షీటుతో కాళ్లు పోల్చి వేయవచ్చు. అయితే వేసినా ఆ కుర్రవాడు ఆశించేంత మార్పు రాదని ముందే చెప్పండి. ఐసీకి ముందే ట్రాన్సిస్టరు సంకేతాన్ని చీల్చేసింది, ఐసీ వెనుక డయోడ్లు దాన్ని 0.7 వోల్టుల దగ్గర కోసేస్తాయి. ఈ రెండింటి నడుమ ఐసీ తన గుణం చూపించడానికి మిగిలిన చోటు కొంచెమే. 4558కు వచ్చిన పేరు ఇంకో పెడల్, ఐబనెజ్ వారి ట్యూబ్ స్క్రీమర్, వల్ల వచ్చింది. అందులో డయోడ్లు ఐసీ చుట్టూ తిరిగివచ్చే దారిలోనే ఉంటాయి కాబట్టి ఆ కథ వేరు. అతనికి మీ చేతితో చేయదగిన మేలు పై జవాబులో రాసిన రెండు కండెన్సర్లు అంటించి ఇవ్వడమే. మీకు అది పది నిమిషాల పని.

ప్రశ్న: మహబూబ్‌నగర్‌లో పెళ్లిళ్లకు, వినాయక మండపాలకు ఆర్కెస్ట్రా నడుపుతున్నాం. మా గిటారిస్టు దగ్గర అన్నగారు ఇచ్చిన పాత జపాన్ డీఎస్-1 ఉంది. బ్యాటరీతో బాగా పలుకుతుంది. తొమ్మిది వోల్టుల మంచి ఎలిమినేటర్ (బ్యాటరీకి బదులు వాడే కరెంటు అడాప్టర్) పెడితే ఎర్ర లైటు మసకగా వెలుగుతుంది, ధ్వని నీరసంగా వస్తుంది. చిత్రమేమంటే పక్కన ఇంకో పెడల్‌ను అదే ఎలిమినేటర్‌కు కలిపితే ఇది బాగుపడుతోంది. లోపం ఎక్కడుంది?

జవాబు: లోపం ఎక్కడా లేదు. మీరు గమనించిన చిత్రమే కారణాన్ని చెబుతోంది. ఎలిమినేటర్ పిన్ను పెట్టే చోటు దగ్గర ఏ అక్షరాలు ముద్రించి ఉన్నాయో చూడండి. ఏసీఏ అని ఉంటే ఆ పెడల్‌ను పాతకాలపు ఎలిమినేటర్ కోసం చేశారని అర్థం. ఆ ఎలిమినేటర్ల నుంచి 12 వోల్టుల దాకా వచ్చేది, ఆ వోల్టేజి స్థిరంగా ఉండేది కాదు. అందుకని పెడల్ లోపలే మైనస్ దారిలో ఒక రెసిస్టరూ డయోడూ పెట్టి దాన్ని తొమ్మిదికి దించేవారు. ఇప్పటి స్థిరమైన తొమ్మిది వోల్టులు ఇచ్చినా అవి తమ వంతు కోసుకుంటాయి, మిగిలిన వోల్టేజి లైటుకూ చాలదు, ట్రాన్సిస్టర్లకూ చాలదు. పక్కన పీఎస్ఏ ముద్ర ఉన్న (అంటే స్థిరమైన తొమ్మిది వోల్టుల కోసం చేసిన) కొత్త పెడల్‌ను అదే ఎలిమినేటర్‌కు కలిపి, రెండు పెడళ్లనూ గిటారు వైరుతో జత చేసినప్పుడు, కొత్తదాని మైనస్ ఆ వైరు తొడుగు మీదుగా పాతదానికి చేరి, ఆ రెసిస్టరునూ డయోడునూ దాటవేస్తుంది. అందుకే బాగుపడుతోంది.

రెండు పెడళ్లూ ఎప్పుడూ కలిసే ఉంటాయంటే అలాగే కొనసాగించండి, విప్పనవసరం లేదు. ఒంటరిగా వాడాలంటే లోపల ఆ రెసిస్టరు, డయోడుల మీదుగా ఒక వైరు ముక్కతో షార్ట్ చేయించవచ్చు. అయితే ఆ తర్వాత ఆ పెడల్‌కు 12 వోల్టుల పాత ఎలిమినేటర్‌ను ఎన్నడూ పెట్టకూడదు కాబట్టి, కింది పలక మీద మార్కర్‌తో "తొమ్మిది మాత్రమే" అని రాయించండి. ఆర్కెస్ట్రాలో వస్తువులు చేతులు మారుతుంటాయి, రాయకపోతే ఎవరికీ గుర్తుండదు.

ఇంకొక జాగ్రత్త. బాస్ పెడళ్లకు పిన్ను నడిమి భాగం మైనస్, బయటి భాగం ప్లస్. మన బజారులో దొరికే చాలా ఎలిమినేటర్లు దీనికి తలకిందులుగా ఉంటాయి. కొనే ముందు మల్టీమీటర్ పెట్టి చూసుకోండి. మండపాల దగ్గర జనరేటర్ మీద నడిపేటప్పుడు కరెంటు ఎగుడుదిగుడుగా ఉండి పెడల్‌లో గుమ్మని శబ్దం వస్తుంటే, మీ ఊరి మెకానిక్ చేత 12 వోల్టుల ట్రాన్స్‌ఫార్మరు, రెక్టిఫయర్ డయోడ్లు, పెద్ద ఫిల్టరు కండెన్సరు, స్థిరంగా తొమ్మిది వోల్టులిచ్చే 7809 ఐసీతో చిన్న సప్లయి కట్టించుకోండి. డీఎస్-1 తీసుకునేది నాలుగు మిల్లీఆంపియర్లే కాబట్టి ఆ ఐసీ వేడెక్కదు కూడా. బ్యాటరీ మీద వాడే రోజుల్లో, ప్రోగ్రాం అయిపోగానే గిటారు వైపు వైరును పెడల్ నుంచి తీసేయండి. ఆ జాక్‌లోనే బ్యాటరీ స్విచ్ దాగి ఉంది, వైరు గుచ్చి ఉన్నంతసేపూ, లైటు ఆరి ఉన్నా, బ్యాటరీ ఖర్చవుతూనే ఉంటుంది.

ప్రశ్న: వనపర్తి నుంచి రాస్తున్నాను. మా తాతగారి పాత ట్రాన్సిస్టర్ రేడియో పాడైపోయి ఉంది. అందులోని గాజు డయోడు తీసి డీఎస్-1లో వేసుకుంటే ధ్వని మెత్తబడుతుందని విన్నాను. నిజమేనా?

జవాబు: కొంతవరకు నిజమే. పాత రేడియోల్లో స్టేషన్ ధ్వనిని విడదీసే చోట ఓఏ79 వంటి జర్మేనియం డయోడు ఉండేది. అది సుమారు 0.2, 0.3 వోల్టుల దగ్గరే తెరుచుకోవడం మొదలుపెడుతుంది, అదీ సిలికాన్‌లా ఒక్కసారిగా కాకుండా మెల్లమెల్లగా. కాబట్టి అల అంచు కాస్త గుండ్రంగా తెగి, చెవికి మెత్తగా ఉంటుంది. గట్టు ఎత్తు తగ్గిన మేరకు శబ్దం కూడా తగ్గుతుంది, లెవెల్ నాబ్‌ను ఎక్కువగా తిప్పవలసి వస్తుంది. దీనికి పాత డయోడు పీకవలసిన పని లేదు. సిలికాన్ డయోడు మీద, రెండింటి గీతలూ ఒకే వైపు ఉండేలా, జర్మేనియం డయోడును సమాంతరంగా అంటిస్తే చాలు. తక్కువ వోల్టేజికి తెరుచుకునేదే ముందు పనిచేస్తుంది కాబట్టి సిలికాన్ డయోడు దాదాపు ఊరికే ఉండిపోతుంది. ఒక్కదానికే అంటించి వినండి, రెండో వైపు అలాగే ఉంచండి.

రేడియోను మాత్రం ఒకసారి ఆలోచించి విప్పండి. అందులో పోయింది స్పీకరో, వాల్యూమ్ కంట్రోలో, తుప్పు పట్టిన బ్యాటరీ స్ప్రింగో అయి ఉండవచ్చు, అప్పుడు బాగు చేయడం పెద్ద పని కాదు. నేనైతే ముందు రేడియోను మెకానిక్‌కు చూపిస్తాను. జర్మేనియం డయోడు హైదరాబాద్ కోఠిలోని గుజరాతీ గల్లీలో వెతికితే విడిగా దొరకవచ్చు. ఎక్కడిదైనా సరే, వేడి దానికి పడదు. సోల్డరింగ్ చేసేటప్పుడు గాజుకూ ఐరన్ మొనకూ మధ్య కాలిని నోస్ ప్లయర్‌తో గట్టిగా పట్టుకోండి, వేడి ప్లయర్‌లోకి పోతుంది. ఎండాకాలం మధ్యాహ్నం మండపంలో ఎండ నేరుగా పెడల్ మీద పడుతుంటే లోపలి వేడికి ఆ డయోడు ఇంకా ముందే తెరుచుకుని, ఉదయం రిహార్సల్‌లో విన్నదానికంటే శబ్దం కొంచెం తగ్గినట్టు అనిపించవచ్చు. పెడల్‌ను నీడకు జరిపి చల్లారనిస్తే మళ్లీ మామూలవుతుంది.